కొత్త పార్టే కదా, దాంట్లో ఏముంటది అనుకున్నా

మా ఇంట్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారుంది. రెండు తలుపులది, 1966 మాడల్. మా నాయన హన్మకొండ కోర్టులో వకీలుగా ఉన్నప్పుడు 1972లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అని 1959లో వచ్చిన కారునే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాళ్లు తయారు చేసి అమ్మారు. ఇంజన్ 948 సీసీ. రూపం గీసింది ఇటలీ ఆయన, మికెలొట్టి. ఇదే ఛాసిస్‌ను కాస్త కురచ చేసి దాని మీదే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును 1962లో దింపారు. అందుకని మా పెద్దోడు వాడి దోస్తులకు దీన్ని "స్పోర్ట్స్ కారుకు అన్న వరస" అని పరిచయం చేస్తాడు. వరస కలిపితే కలిపాడు గానీ స్పీడు మాత్రం కలవలేదు, 70 దాటితే తలుపులు మాట్లాడతాయి.

ఈ బండిలో నాకు అన్నిటికంటే ఇష్టం బానెట్. మడ్‌గార్డులతో సహా మొత్తం ముక్కు భాగం ముందుకు ఒరుగుతుంది. ముందు టైరు మీద కూర్చొని, ఇంజన్ పక్కన కాళ్లు చాపుకొని పని చేసుకోవచ్చు. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో పని చేసేవాణ్ణి, మెకానిక్‌ను కాను. కానీ ఇట్లా తెరిచి పెట్టిన ఇంజన్ ముందు ఎవరైనా పది నిమిషాలు కూర్చుంటే పానా పట్టాలనిపిస్తుంది. నాకు వచ్చిన కష్టమంతా అక్కడే మొదలైంది.

పోయిన దసరాకు బండి కడిగి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి వాడకట్టు చుట్టూ ఒక చుట్టు తిప్పుకొచ్చా. ఇంట్లో పెట్టాక పెట్రోల్ వాసన. బానెట్ లేపి చూస్తే కార్బురేటర్ (ఇంజన్‌కు పెట్రోల్, గాలి కలిపి ఇచ్చేది) మూత కింద గ్యాస్కెట్, అంటే సందు మూసే కాగితం పట్టీ, చెమ్మగిల్లింది. అంతే, అంతకు మించి ఏం లేదు. బండి బాగా నడుస్తోంది, ఒక్క సెల్ఫుకు లేస్తోంది, స్లోలో, అంటే బండి ఆగి ఇంజన్ ఒక్కటే తిరిగేటప్పుడు, గడియారం లాగా నిలబడుతోంది. ఆటోనగర్‌లో ఉస్తాద్ ఉన్నాడు, అంబాసిడర్లు ఫియట్‌లు రోడ్డు మీద ఏలిన కాలం నుంచి పని చేస్తున్న మనిషి, ఆయన చూసి ఒకటే మాట అన్నాడు. "సార్, మంచిగ నడిచేదాన్ని కెలకొద్దు. గ్యాస్కెట్ నేను కాగితం కోసి ఏస్త, పది నిమిషాల పని."

వినలేదు. దాదాపు అరవై ఏళ్ల కార్బురేటర్, ఎట్లాగూ విప్పుతున్నాం, లోపల అన్నీ కొత్తవి వేస్తే ఇంకో ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అని నా లెక్క. మా పెద్దోడు ఆన్‌లైన్‌లో వెతికి సోలెక్స్ కార్బురేటర్‌కు పూర్తి కిట్ తెప్పించాడు. నీడిల్ వాల్వ్, ఫ్లోట్, మెయిన్ జెట్, గ్యాస్కెట్లు, వాషర్లు, అన్నీ విడివిడిగా చిన్న చిన్న కవర్లలో, బంగారం లాగా మెరుస్తూ వచ్చాయి. పాతవి నల్లగా, పెట్రోల్ జిగురు పట్టి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే పాతవాటిని చూసి నాకే సిగ్గనిపించింది. ఉస్తాద్ మాత్రం విప్పిన పాత సామాను అంతా ఒక జర్దా డబ్బాలో వేసి, మూత పెట్టి నా చేతిలో పెట్టాడు. "పారెయ్యకు సార్, ఉండనీ" అన్నాడు. ఆ డబ్బా లేకపోతే ఇప్పుడు ఈ బండి షెడ్డులో ఇటుకల మీద ఉండేది.

కొత్తవి వేశాక బండి లేచింది. పది నిమిషాలు అద్భుతం. ఇంజన్ వేడెక్కిన తర్వాత మొదలైంది అసలు కథ. స్లో నిలబడదు, ఊగుతుంది, వెనక నల్ల పొగ. అదాలత్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే లేవదు, చోక్ (చల్లటి ఇంజన్‌కు పెట్రోల్ పాలు పెంచేది) లాగితే ఇంకా లేవదు. వెనక బస్సు వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. చివరికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే దగ్గుకుంటూ, అంత పొగ వదులుతూ లేచింది. ఇంటికొచ్చి ప్లగ్గులు విప్పితే నాలుగూ కాటుక పెట్టినట్టున్నాయి, మెత్తటి పొడి మసి, వేలితో గీస్తే గీత పడుతోంది. చోక్ తోసేసినా ఇట్లా ఉందంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టే. మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే ఓవర్ అవుతోంది.

మర్నాడు ఉస్తాద్ ఇంటికే వచ్చాడు. స్లో దగ్గరి మిక్స్చర్ స్క్రూ సెట్ చేయబోయాడు. ఆ స్క్రూను లోపలికి తిప్పుతూ పోతే స్లోకు పోయే పెట్రోల్ ఆగి ఇంజన్ బంద్ కావాలి. ఆయన మొత్తం బిగించేశాడు, ఇంజన్ బంద్ కాలేదు, అట్లాగే గుడగుడమంటూ నడుస్తోంది. ఇద్దరం చూశాం, చూసి కూడా పట్టించుకోలేదు. పెట్రోల్ ఆ దారిన కాకుండా ఇంకో దారిన దిగుతోందని ఇంజనే చెప్పింది గదా! దొంగ ఆ రోజే చేతికి దొరికాడు, మేమే వదిలేశాం. ఎందుకు వదిలేశామంటే లోపల ఉన్నవన్నీ కొత్తవి. కొత్త పార్టే కదా, దాంట్లో ఏముంటది. ఈ ఒక్క మాట నా దగ్గర రెండున్నర నెలలు తిన్నది, డబ్బులు వేరే.

కార్బురేటర్ మీద అనుమానం లేదు కాబట్టి మిగతా అన్నిటి మీదా అనుమానం వచ్చింది. ముందు పాయింట్లు, ప్లగ్గులకు కరెంటు సమయానికి అందేట్టు చేసేవి. గ్యాప్ 0.4 మి.మీ. పెట్టుకున్నాం, తేడా లేదు. కండెన్సర్ మార్చాం. కాయిల్ మార్చాం. ప్లగ్గులు కొత్తవి, గ్యాప్ 0.6. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది. కొత్త ప్లగ్గు ఏ బండిలో వేసినా రెండు రోజులు బాగానే ఉంటుంది, మసి పట్టేదాకా. ఈలోగా నాకు ఉస్తాద్ మీదే నమ్మకం పోయింది, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. చెప్పకుండా హంటర్ రోడ్డులో ఒక కుర్ర మెకానిక్ దగ్గరికి తీసుకుపోయా. పిల్లాడు మంచోడే, బండి చుట్టూ రెండు సార్లు తిరిగి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చాలాసేపు వెతికి, "సార్, స్కానర్ ఏడ పెట్టాలి దీనికి?" అన్నాడు. స్కానర్ అంటే కంప్యూటర్ ఉన్న కొత్త బండ్లకు పెట్టేది. బండి తిప్పుకొని వచ్చేశా.

తర్వాత వంతు పెట్రోల్‌ది. ఎవరికి చెప్పినా ఒకటే మాట, "అన్నా, ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలుపుతున్నరు, పాత బండ్లు అందుకే ఖరాబైతున్నయి." 20 శాతం ఇథనాల్ మాట నిజమే, పాత రబ్బరును అది మెత్తబరుస్తుందన్నదీ నిజమే. నేను మా ఇంట్లోనే చూశా. కొలత గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 100 మి.లీ. పెట్రోల్, 10 మి.లీ. నీళ్లు పోసి కలిపి పక్కన పెడితే, ఇథనాల్ పెట్రోల్‌ను వదిలేసి నీళ్లలోకి దిగిపోతుంది. అడుగున 10 ఉండాల్సిన నీటి మట్టం 30 దగ్గర దాకా వచ్చింది. సరే, దొరికింది అనుకున్నా. మా ఆవిడ పక్కన నిలబడి చూస్తూ, "దసరా నాడు పోసింది కూడా ఈ బంకు పెట్రోలే గదా, అప్పుడు మంచిగనే నడిచింది గదా" అంది. ఇంకో మాట లేదు నా దగ్గర. ఆలోచిస్తే ఇంకోటి కూడా ఉంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, దానితో మిక్స్చర్ పలచబడాలి, అంటే ప్లగ్గులు తెల్లబారే వైపు పోవాలి. నావి నల్లగా ఉన్నాయి. రోగం ఒకటి, నేను తిట్టేది ఇంకొకదాన్ని.

మళ్లీ ఉస్తాద్ దగ్గరికే పోయా. ఆయన ఏమీ అనలేదు, హంటర్ రోడ్డు సంగతి ఆయనకు అప్పటికే తెలుసని తర్వాత తెలిసింది. మేడారం జాతర దగ్గర పడుతోంది, షెడ్డు నిండా జీపులు, ట్రాలీలు, ఊపిరి సలపని పని. అయినా ఆదివారం పొద్దున వచ్చాడు. ఆయన అనుమానం పెట్రోల్ పంపు మీద. ఈ ఇంజన్‌కు పక్కన బిగించి ఉండే మెకానికల్ పంపు, కామ్ షాఫ్ట్ తోస్తే డయాఫ్రమ్ కొట్టుకుంటుంది. అది మామూలుగా 1.5 నుంచి 2.5 పీఎస్ఐ ఒత్తిడి ఇస్తుంది. రెండేళ్ల కింద డయాఫ్రమ్ మార్చాం. ఒత్తిడి ఎక్కువైతే దారి మూసే నీడిల్‌ను తోసుకొని పెట్రోల్ కార్బురేటర్ గిన్నెలోకి వస్తుంది. పంపు సంగతి తేలాలంటే పంపును పక్కన పెట్టి చూడాలి.

ఎట్లా? మా తోడల్లుడి మెడికల్ షాపు నుంచి ఒక ఖాళీ సెలైన్ బాటిల్ తెచ్చాం. బైకు మెకానిక్‌లు చేసే పనే ఇది. పంపు పైపు పీకి మూతి బిగించి, బాటిల్‌లో పెట్రోల్ పోసి షెడ్డు దూలానికి వేలాడదీసి, దాని పైపు నేరుగా కార్బురేటర్‌కు ఇచ్చాం. బాటిల్‌కూ కార్బురేటర్‌కూ మధ్య మీటరు ఎత్తు. మీటరు ఎత్తు నుంచి దిగే పెట్రోల్‌కు సుమారు 1 పీఎస్ఐ ఒత్తిడి వస్తుంది, పంపు ఇచ్చేదానికంటే తక్కువే. (ఇది చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కార్బురేటర్ ఉన్న వైపే ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మేం ఈ పని చేశాం, బ్యాటరీ వైరు తీసేశాం, పక్కన బక్కెట్ నిండా ఇసుక పెట్టుకున్నాం. మా ఆవిడ గ్యాస్ పొయ్యి కూడా బంద్ చేసింది, ఆ రోజు చాయ్ లేదు.)

ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజన్ ఆపి ఉండగానే, కార్బురేటర్ గొంతులోకి టార్చి కొట్టి చూశా. మధ్యలో నాజిల్ మూతి ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అది పొడిగా ఉండాలి, గాలి పీల్చుకుంటేనే అందులోంచి పెట్రోల్ రావాలి. కొంచెంసేపు ఏం లేదు. తర్వాత మూతి దగ్గర మెరుపు కనిపించింది. చుక్క లావైంది, వేలాడింది, టప్‌మని థ్రాటిల్ ప్లేటు మీద పడింది. మళ్లీ ఇంకోటి. మూడు నాలుగు సెకన్లకు ఒకటి. ఉస్తాద్‌ను పిలిచి చూపించా. ఆయన చూసి నా వైపు తిరిగి, "పంపు గాదు సార్, పాపం దాన్ని అనవసరంగ అనుమానపడ్డం" అన్నాడు. గిన్నె నిండినా పెట్రోల్ ఆగట్లేదు. ఆపాల్సింది నీడిల్ వాల్వ్, కిట్‌లో వచ్చిన కొత్తది.

నీడిల్ వాల్వ్ అంటే తెలియనివాళ్లకు ఒక పోలిక, మన ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ లాంటిదే. పెట్రోల్ పెరిగితే ఫ్లోట్ తేలి నీడిల్‌ను పైకి నెడుతుంది, నీడిల్ మొన పోయి సీటు రంధ్రంలో కూర్చుంటుంది, దారి మూసుకుంటుంది. దాన్ని పరీక్షించడానికి ఏ మిషనూ అక్కర్లేదు, నోరు చాలు. కార్బురేటర్ మూత విప్పి, తుడిచి, తలకిందులుగా పట్టుకుంటే నీడిల్ దాని బరువుకే సీటులో కూర్చుంటుంది. పెట్రోల్ వచ్చే ముక్కుకు శుభ్రమైన పైపు ముక్క తగిలించి మెల్లగా ఊదాలి. గాలి పోకూడదు. కొత్తది పెట్టి ఊదా. సుయ్‌మని గాలి పోతోంది, చెవి దగ్గర పెట్టుకుంటే స్పష్టంగా వినిపిస్తోంది. జర్దా డబ్బా తెరిచి పాతది తీసి, తుడిచి, పెట్టి ఊదా. బుగ్గలు నొప్పి పుట్టాయి గానీ గాలి కదల్లేదు.

నేను నమ్మలేక ఇంకో మూడు సార్లు మార్చి మార్చి ఊదాను. కిట్ బిగించే రోజు ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే చాలు.

మా వాడకట్టులో ఒక అవుసలి పెద్దాయన ఉన్నాడు, డెబ్భై అయిదు దాటాయి, ఇప్పటికీ వెండి పట్టీలు చేస్తాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ను కాకా అనే పిలుస్తాం. రెండు నీడిళ్లూ జేబులో వేసుకొని పోయా. ఆయన కంటికి భూతద్దం బిగించి కొత్తదాన్ని పట్టుకారుతో పట్టుకొని తిప్పి తిప్పి చూశాడు. "ఎవడు చేసిండు బిడ్డా దీన్ని? దున్నిన చెలకలెక్క ఉన్నది" అని నా కంటికి పెట్టాడు. నిజమే, మొన చుట్టూ లేత్ మిషను గీతలు చాళ్లు చాళ్లుగా ఉన్నాయి, ఒక పక్క సన్నటి పొలుసు కూడా లేచి ఉంది. పాత నీడిల్ మొన మీద సీటు తగిలే చోట వెంట్రుక మందం మెరిసే గీత ఒకటే, అంతా నున్నగా ఉంది. రుద్ది నున్నగా చేయొచ్చా అని అడిగా. "దీన్నైతే రుద్దుత. అది కూసునే సీటు సంగతేంది? అదీ వీడే చేసిండు గద." వాల్వ్ బాడీ చూపిస్తే లోపల కూడా అదే పని. అక్కడితో ఆ ఆలోచన మానేశా.

పాత నీడిల్ వాల్వ్ పెట్టేటప్పుడు దాని కింద వాషర్ కూడా పాతదే, అదే మందంది పెట్టా. సోలెక్స్‌లో ఈ వాషర్ ఊరికే లీకు కోసం పెట్టింది కాదు. మందంగా ఉంటే వాల్వ్ కిందికి దిగి, ఫ్లోట్ తొందరగా మూసేసి గిన్నెలో పెట్రోల్ మట్టం తగ్గుతుంది, పలచగా ఉంటే పెరుగుతుంది. కిట్‌లో వచ్చిన వాషర్ పాతదానిలో సగం మందమే ఉంది. అంటే వాల్వ్ సరిగ్గా ఉన్నా మట్టం పెరిగేదే. సెలైన్ బాటిల్ మళ్లీ వేలాడదీసి టార్చి కొట్టుకొని అరగంట కూర్చున్నా. నాజిల్ మూతి పొడిగా ఉంది. బండి లేపి మిక్స్చర్ స్క్రూ బిగిస్తే ఈసారి ఇంజన్ బుద్ధిగా బంద్ అయింది. ఉస్తాద్‌కు ఫోన్ చేసి చెప్పా, ఆయన అటు నుంచి ఎవరినో "నట్టు బిగించురా" అని అరిచి, నాతో "షుకర్ హై సార్" అన్నాడు.

అయిపోయిందనుకున్నా. కాలేదు. స్లో బాగుంది, సిగ్నళ్ల దగ్గర ఆగట్లేదు, కానీ కాజీపేట దాకా పోయి ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కిస్తే బండి బరువుగా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు లాగుతోంది. రేస్ ఇచ్చి వదిలితే వెనక పొగ. మడికొండ దాటాక ఆపి ప్లగ్గు విప్పితే మళ్లీ కాటుక. ముందంత కాదు, కానీ కాటుకే. ఇక్కడ నాకు ఇంకో మేధావి ఆలోచన వచ్చింది. కొత్త ఫ్లోట్ బరువెక్కువ ఉంటే అది లోతుగా మునిగి, మట్టం పెరుగుతుంది కదా, తప్పు దానిదే అయి ఉంటుందని. రెండు ఫ్లోట్‌లూ తీసుకొని మళ్లీ కాకా దగ్గరికి పోయి బంగారం తూచే కాటా మీద పెట్టించా. రెండింటికీ అర గ్రాము తేడా కూడా లేదు. వేడినీళ్లలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. పాపం ఫ్లోట్, కిట్ మొత్తంలో మంచిది అదొక్కటే. ఇప్పటికీ బండిలో ఉన్నది అదే.

ఇక మిగిలింది మెయిన్ జెట్. స్పీడులో ఉన్నప్పుడు పెట్రోల్ అంతా దాని రంధ్రంలోంచే పోవాలి. సోలెక్స్ జెట్ మీద వేసే నంబర్ రంధ్రం కొలత, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 100 అని ఉంటే 1.00 మి.మీ., 110 అంటే 1.10. చూడ్డానికి పదో వంతు తేడా, కానీ పెట్రోల్ పోయేది రంధ్రం వైశాల్యంలోంచి కాబట్టి 100కు బదులు 110 పడితే దారి 21 శాతం పెద్దదవుతుంది. నా పాత జెట్ మీదా, కొత్త జెట్ మీదా ఒకటే నంబర్ ఉంది. అందుకే దాన్ని అప్పటిదాకా అనుమానించలేదు. కానీ నీడిల్ చూశాక, నంబర్ కొట్టినవాడూ రంధ్రం వేసినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో లేదో అనే డౌటు వచ్చింది.

అంత చిన్న రంధ్రం ఎట్లా కొలవాలి? స్కేలుతో కాదు, వెర్నియర్ మొనలు దూరవు. సూది గుచ్చి చూద్దామంటే ఉక్కు గీసుకుంటే జెట్ పాడు. కాకాకు సమస్య చెప్తే ఆయన లేచి, గోడకున్న అరలోంచి కమ్మచ్చు తీశాడు. తీగ తీసే పలక అది, ఉక్కుది, అరచేయంత ఉంటుంది, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రం దాకా వరసగా. కమ్మచ్చున తీగ తీసినట్టు అనే మాట వినడమే గానీ తీస్తుంటే పక్కన కూర్చొని చూసింది అదే మొదటిసారి. పాత మోటారు వైండింగ్‌లోని రాగి తీగ ముక్క తీసుకొని, కొలిమిలో కాల్చి చల్లార్చి, కొస ఆకురాయితో సన్నం చేసి, మైనం రాసి, రంధ్రంలో దూర్చి పట్టుకారుతో ఒక్క ఊపున లాగాడు. తీగ సన్నబడి, బారెడు పొడుగై వచ్చింది. ఒక్కో రంధ్రంలోంచి లాగినప్పుడల్లా నేను కొస కత్తిరించి రెండు జెట్లలోనూ పెట్టి చూస్తున్నా. మొదట దేంట్లోనూ పోలేదు. ఇంకో రంధ్రం. పోలేదు. ఇంకోటి. కొత్త జెట్‌లో బిగువుగా దిగింది. పాతదాంట్లో పెట్టా, పోలేదు. తిప్పి పెట్టా, పోలేదు.

కాకా నా మొహం చూసి నవ్వి, ఇంకో రెండు రంధ్రాలు లాగాడు. అప్పుడు పాత జెట్‌లో దిగింది. అదే తీగను కొత్త జెట్‌లో పెట్టి ఊపితే గుడి గంటలో నాలుక లాగా ఆడుతోంది. రెండు తీగ ముక్కలూ కాగితంలో చుట్టుకొని పోయి మా పాత ఆఫీసులో మైక్రోమీటర్ మీద పెట్టించా. 0.12 మి.మీ. తేడా. నంబర్ మాత్రం ఒకటే! కాకాకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు, "తీగ నాకు ఇడ్సిపెట్టు, చాలు" అన్నాడు.

పాత జెట్‌ను తిన్నర్‌లో నానబెట్టి గాలి కొట్టి పెట్టేశా. గ్యాస్కెట్ సంగతి కూడా ఒక ముక్కలో చెప్పేస్తా. కిట్‌లోని మూత గ్యాస్కెట్‌కు గాలి దారి దగ్గర ఉండాల్సిన చిన్న రంధ్రం లేదు. అసలు ఈ కథంతా మొదలైంది గ్యాస్కెట్ కోసమే కదా. దాన్ని తీసి పక్కన పెడితే ఉస్తాద్ మొదటి రోజు అన్నట్టే కాగితం తెచ్చి, మూత మీద పెట్టి సుత్తి గుండుతో అంచుల వెంబడి తట్టి, రంధ్రాలకు పంచ్ కొట్టి చేసి ఇచ్చాడు. నిజంగానే పది నిమిషాలు పట్టింది. నేను గడియారం చూశానని ఆయన చూశాడు, ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. చాయ్ మాత్రం రెండు సార్లు తాగాం.

కిట్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశా. వేరే రాష్ట్రం. "సార్, చాలామందికి పంపాం, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు, మీ మెకానిక్ సరిగ్గా బిగించి ఉండడు" అన్నాడు అవతలి మనిషి. నాకు చిర్రెత్తింది, ఎందుకంటే నేనూ నెల రోజులు అదే అనుకున్నాను కదా ఉస్తాద్ గురించి. చాలామంది కంప్లైంట్ ఇవ్వకపోవడం నిజమే కావచ్చు, వాళ్లూ నాలాగే కాయిళ్లు మార్చుకుంటూ ఉండి ఉంటారు. ఊదే వీడియో, రెండు తీగల ఫోటో పంపాక మాట మెత్తబడింది, ఇంకో నీడిల్ వాల్వ్ ఉచితంగా పంపాడు. కవర్ చించి, కొరియర్ పిల్లాడు ఇంకా గేటు దగ్గర ఓటీపీ కోసం నిలబడి ఉండగానే నోట్లో పెట్టుకొని ఊదాను. వాడు కంగారుపడ్డాడు. గాలి పోతోంది. అది కూడా జర్దా డబ్బాలోకే పోయింది, కాకపోతే ఎర్ర దారం కట్టి.

సంక్రాంతి తర్వాతి ఆదివారం రామప్పకు పోయాం, దాదాపు 70 కిలోమీటర్లు, ములుగు రోడ్డంతా జాతరకు ముందే మొక్కులకు పోయే బండ్లు. దారిలో ఎక్కడా ఆగలేదు, పొగ లేదు, ఎత్తులు మూడో గేరులో ఎక్కేసింది. పాలంపేటలో చెట్టు కింద బండి ఆపి, మా ఆవిడ పులిహోర డబ్బా తీసేలోపు నేను బానెట్ ఒరిగించి, చేతికి గుడ్డ చుట్టుకొని, కాలిపోతున్న ప్లగ్గులు విప్పుతున్నా. మొదటిది బిస్కెట్ రంగు, అంటే పెట్రోల్ పాలు సరిగ్గా ఉన్నట్టే. రెండోది, మూడోది అదే. "గుడి జూడనీకి వచ్చినమా, ప్లగ్గులు జూడనీకి వచ్చినమా?" అని ఆమె ఒక్కతే చెప్పులు విడిచి లోపలికి పోయింది.

నాలుగోది కొంచెం నల్లగానే ఉంది. వైరో, టప్పెట్ గ్యాపో తెలియదు. జాతర రష్ తగ్గాక ఉస్తాద్‌ను అడగాలి.